చేతులెక్కడున్నయ్

సనా తల చుట్టూ తెల్లగుడ్డ బిగించి, దాని మీద నల్ల జాలీ ముసుగు పరిచి, పళ్ళ మధ్య పట్టుకున్న పిన్నీసులు ఒక్కొక్కటే తీసి గుచ్చుతోంది త్రివేణి. వాళ్ళు నిలబడ్డ చోటు గది అనడానికి లేదు. చంద్రహాస థియేటర్లో ఆడవాళ్ళ బాత్రూముల పక్కన చీపుర్లు, ఫినాయిలు డబ్బాలు, తడి గోనెపట్టాలు పడేసుకునే మూల అది. ఎవరో దానికి తలుపు పెట్టారు కాబట్టి మేనేజర్ జైపాల్ దాన్ని మేకప్ రూమ్ అంటున్నాడు. అనేవాడికేం, ఏమైనా అంటాడు. ఆ కంపు మధ్య నిలబడేది ఆయన కాదు కదా.

"ముక్కు మీద చెయ్యి తియ్యి బిడ్డా, పిన్ను దిగుతది," అంది త్రివేణి పళ్ళు విప్పకుండానే.

"దయ్యం గూడ ఈ వాసనకు పారిపోతది ఖాలా," అంది సనా నవ్వుతూ.

పక్కింటి బేగంబీ కూతురు సనా. మాటలు వచ్చినప్పటి నుంచి త్రివేణిని పిన్ని వరస కలిపి ఖాలా అనే పిలుస్తుంది. లక్డారం దారిలో ఆ పిల్ల పని చేసిన అట్టపెట్టెల షెడ్డు మూతపడి వేసవి దాటింది. ఇంట్లో కూర్చోబెడితే మళ్ళీ గడప దాటనివ్వరని ఆ పిల్ల భయం. అందుకే థియేటర్లో ఒక ఆడపిల్ల కావాలని జైపాల్ అన్నప్పుడు త్రివేణే మాట కలిపింది. బేగంబీకి మాత్రం లేడీస్ గేటు దగ్గర పని అని సగమే చెప్పారు. "నీ కండ్ల ముందుంటదంటేనే పంపుతున్న త్రివేణీ," అంది బేగంబీ. "ఉంటది అక్కా," అని త్రివేణి ఒట్టు పెట్టినంత గట్టిగా చెప్పింది.

అసలు పని ఇది. ఆ శుక్రవారమే విడుదలైన సినిమా పేరు 'నల్ల గంట'. ఏదో చలిదేశంలో తీసి, తెలుగు మాటలు అతికించారు. కొండ మీద పాత కన్యాస్త్రీల మఠం. అక్కడికి కొత్తగా వచ్చిన చిన్న సిస్టర్. పగలంతా ప్రార్థనలు, రొట్టెలు, తోటపని. గంట మోగిందంటే మాత్రం కింద నేలమాళిగలోంచి ఏదో బయలుదేరుతుంది. ఇంటర్వెల్‌కు ముందు ఆ గంట మోగి తెర పూర్తిగా నల్లబడుతుంది. ఆ చీకట్లో హాలు వెనకనుంచి అదే వేషంలో ఒక పిల్ల బ్యాటరీ కొవ్వొత్తి పట్టుకుని మెల్లగా నడిచి వస్తే జనం బెదిరి చస్తారని జైపాల్‌కు తోచింది. తలుపుల మీది ఎర్ర దీపాలు కూడా ఆ కాసేపు ఆర్పించేస్తున్నాడు.

తలుపు తోసుకుని వచ్చిన జైపాల్ సనాను పైనుంచి కిందికి చూశాడు. "సూపర్. మీ వాళ్ళకు బుర్ఖా అలవాటే గదా, ఉక్కపోత అని నా పానం తియ్యవు. ఇగ సూడు, మాట్లాడద్దు, నవ్వద్దు, ఏమన్న గానీ అరవద్దు. దయ్యం అరవది, అరిపిస్తది." తన మాటకు తానే ముచ్చటపడి వెళ్ళిపోయాడు.

సనా మొహంలో నవ్వు కాస్త తగ్గింది. త్రివేణి ఆఖరి పిన్నీసు గుచ్చి, ముసుగు నడుము దాకా సరిగ్గా జారేలా దులిపింది.

బయట మ్యాట్నీ క్యూ రోడ్డు దాకా ఉంది. మొదటి షిఫ్టు వదిలిన కుర్రాళ్ళు కంపెనీ బస్సు దిగి అటునుంచి అటే వచ్చేశారు. వాళ్ళ చొక్కాల్లోంచి వచ్చే మందుల ఘాటు ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, కొత్తవాళ్ళకు చెప్పినా తెలియదు. క్యూలో ఎవడో ఆకతాయి గట్టిగా అరిచాడు.

"చేతులెక్కడున్నయ్?"

సగం క్యూ చేతులెత్తేసింది. "కండ్ల ముందు!" అని అరిచి, అరిచాక తెలిసి, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ నవ్వారు. టికెట్లు చింపుతున్న త్రివేణి చేతులు కూడా సగం దాకా లేచాయి. సిగ్గుపడి దించుకుంది.

ఈ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో, రేకులు నొక్కే ప్రెస్ షాపుల్లో షిఫ్టు మొదలయ్యే ముందు రోజూ జరిగే తతంగం అది. లైన్ లీడర్ ఆ ప్రశ్న అరవాలి. అందరూ రెండు చేతులూ మొహం ముందుకెత్తి బదులు చెప్పాలి. లీడర్ 'పనికి' అనేదాకా దించకూడదు. యంత్రం తిరగబోయే ముందు ఎవరి వేళ్ళూ దాని నోట్లో ఉండకుండా సేఫ్టీ ఆఫీసర్ శ్రీధర్ సార్ పెట్టిన పద్ధతి. ఆయన ఏ కంపెనీకి శిక్షణ ఇవ్వడానికి వెళితే ఆ కంపెనీకి అది పాకింది. ఒడిశా నుంచి వచ్చిన పిల్లలకు తెలుగులో నోరు తిరిగిన మొదటి ముక్క అదే. మాత్రలు అట్టల్లో నింపే లైన్‌కు త్రివేణి లీడర్‌గా ఉన్నన్నాళ్ళూ ఆమె గొంతు షెడ్డు చివరిదాకా వినపడేది. కొత్త యంత్రం వచ్చి మనుషుల్ని పంపేశాక ఆ గొంతుతో ఆమెకు పని పడలేదు. థియేటర్లో గుసగుసగా మాట్లాడడమే ఉద్యోగం. అయినా ఇప్పటికీ ఆమె గాజులు వేసుకోదు. గాజులు, గడియారాలు, వేలాడే చున్నీ కొసలు పట్టుకుంటే వదలవని శ్రీధర్ సార్ చెప్పింది ఒంట్లో నాటుకుపోయింది. నా పది వేళ్ళున్నాయంటే ఆ సార్ పుణ్యమేనని ఎవరడిగినా చెబుతుంది.

ఆట మొదలైంది. చేతిలో టార్చితో త్రివేణి ఆలస్యంగా వచ్చినవాళ్ళను సీట్లకు చేర్చింది. ఈ పనికీ ఒక రివాజుంది. నేర్పింది ముసలి గేట్‌కీపర్ కిష్టప్ప. "లైటు కాళ్ళకాడికే. మొఖాల మీద గొట్టద్దు. టికెట్టు కొన్నోడు చీకటి గూడ కొన్నట్టే," అనేవాడు. కొత్తలో ఆమెకది మర్యాదగా తోచింది. పోనుపోను, ఆట అయ్యాక సీట్ల కింద ఊడ్చేటప్పుడు, ఆ కొన్న చీకట్లో జనం ఏమేం చేసి పోతారో తెలిసింది. ముందు సీటు వీపు మీద గుట్కా ఊయడం, చిన్నపిల్లల చేత అక్కడే ఒంటికి పోయించడం చెప్పుకోదగ్గవి. మిగతావి చీపురుతో నెట్టి, చేతులు మూడుసార్లు కడుక్కుని మరిచిపోవలసినవి.

గంట మోగింది. తెర నల్లబడింది. సనా నడవలోకి వచ్చింది. కొవ్వొత్తి వెలుగులో గడ్డమూ ముక్కూ తప్ప ఏమీ కనపడని ఆ నల్లటి ఆకారాన్ని ముందు చూసిన ఆడమనిషి పెట్టిన కేకకు హాలంతా లేచి కూర్చుంది. ఈలలు, అరుపులు, మధ్యలో ఎవరో పిల్లవాడి ఏడుపు. సనా తెర దాకా నడిచి, కొవ్వొత్తి ఆర్పి, పక్క తలుపు గుండా మాయమైంది.

మూలగదిలో దొరికినప్పుడు ఆ పిల్ల కడుపు పట్టుకుని నవ్వుతోంది. "ఒక పెద్దాయన సీటెక్కి నిలవడ్డడు ఖాలా! నన్ను జూసి!" త్రివేణికి కూడా నవ్వొచ్చింది. శుక్రవారం అలా గడిచింది.

శనివారానికి జైపాల్ బుర్ర ఇంకో అడుగు వేసింది. నడవలో నడిస్తే పక్క సీట్లవాళ్ళే బెదురుతున్నారట. వరసల్లోకి దూరాలట. ఖాళీ సీటు కనపడితే పక్కవాడికి తెలియకుండా కూర్చోవాలట. "పబ్లిక్ మస్తు ఖుష్ అయితరు," అన్నాడు.

ఆ మ్యాట్నీలో గంట మోగాక త్రివేణి బాల్కనీ మెట్ల మీద నిలబడి కొవ్వొత్తి వెలుగునే చూస్తోంది. అది బాల్కనీలో ఒక వరసలోకి వెళ్ళింది. ఆగింది. ఊగింది. ఇంకో వరసలోకి పోయి చాలాసేపు కదలలేదు. తర్వాత గబగబా బయటికొచ్చింది. ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి.

మూలగదిలో సనా నవ్వడం లేదు. ముసుగు, గౌను విప్పి బకెట్లో కుక్కి, తన సల్వార్ కమీజ్‌లో గోడకు ఆనుకుని నిలబడింది. త్రివేణి గౌను బయటికి లాగి దులిపింది. దులిపిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

నల్లగుడ్డ మీద నారింజరంగు వేలిముద్రలు. కింద క్యాంటీన్లో పాప్‌కార్న్ మీద చల్లే మసాలా రంగు. నూనెతో కలిసి ఒక్కొక్క వేలూ విడివిడిగా అచ్చు పడింది. తొడల దగ్గర ఉన్నాయి. వెనక ఉన్నాయి. రొమ్ము పక్కన ఉన్నాయి. ఒకచోట అరచెయ్యి మొత్తం ఉంది. తింటూ తింటూ, మధ్యలో ఒక చెయ్యి వేసి, మళ్ళీ అదే చెయ్యి పొట్లంలో పెట్టి తిన్నారు. త్రివేణి బకెట్ పక్కన ఉమ్మేసింది.

"ఎందరు?" అంది.

"చీకట్ల లెక్కెట్ల ఖాలా?" సనా గోడకేసి చూస్తూ చెప్పింది. "గిచ్చినోళ్ళు గిచ్చిండ్రు. ఒకడు మాత్రం గిచ్చలే. తీరుబడిగ పెట్టిండు. సొంత సీటు చెయ్యి మీద పెట్టుకున్నట్టు పెట్టిండు. అరవద్దన్నడు గదా మేనేజర్, అరవలే."

త్రివేణి గౌను మీది అరచేతి ముద్రను లోపలికి మడిచింది.

"నీ చేతుల లైటు ఎందుకుంది ఖాలా?"

"దారి చూపెట్టనీకి."

"ఒక్కసారి పైకి పెట్టు."

"గట్ల పెట్టరు బిడ్డా. రివాజు కాదు," అంది త్రివేణి. అన్నాక ఆ మాట తన చెవికే అసహ్యంగా వినిపించింది.

"అమ్మీకి చెప్పకు. చెప్తే ఇగ నన్ను దర్వాజా దాటనియ్యదు. పని కావాలె నాకు. వాళ్ళు పోవాలె గానీ నేనెందుకు పోవాలె?"

త్రివేణి గౌను చేత్తో పట్టుకునే ఆఫీసు గదికి వెళ్ళింది. జైపాల్ ఆ మచ్చలను చూసి మొహం చిట్లించింది నిజమే, కాకపోతే గుడ్డ పాడైందని. "ఆ హిందీ పోరగాళ్ళే అయివుంటరు. వాళ్ళకు తల్లీ చెల్లీ ఉండదు," అన్నాడు. బాల్కనీలో వాళ్ళు కూర్చోరని త్రివేణి అంటే వినలేదు. "నువ్వే తెచ్చినవ్ ఆ పిల్లను. చేస్తే చెయ్యమను, లేకుంటే ఇద్దరు గల్సి ఇంటికి పోర్రి. జెర చెయ్యి తగిలితే అరిగిపోతదా ఏంది?"

అరిగిపోతదా అన్న ఆ నోటి పక్కన పాప్‌కార్న్ ముక్క అతుక్కుని ఉంది. త్రివేణి దాన్నే చూస్తూ వెనక్కి తిరిగింది. ఇద్దరూ కలిసి ఇంటికి అన్న మాట మాత్రం వెంటే వచ్చింది. ఆమెకు వేరే బతుకుతెరువు లేదు.

క్యాంటీన్ దగ్గర శ్రీధర్ సార్ కనిపించడం ఆ క్షణాన దేవుడు కనిపించినట్టే అనిపించింది. ఒక్కరే వచ్చారు. ఇస్త్రీ చెడని చొక్కా, ప్రమాదాల్లేని ఏడాదికి కంపెనీ బహూకరించిన స్టీలు గడియారం. రుమాలుతో వేళ్ళు తుడుచుకుంటూ ఆమెను చూసి నవ్వారు. "ఏం త్రివేణీ, చేతులెక్కడున్నాయ్?"

"కండ్ల ముందే సార్," అని నవ్వబోయి నవ్వలేక, పక్కకు తీసుకెళ్ళి అంతా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. రుమాలు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. "ఛీ ఛీ. ఎంత ఘోరం. ఇది సేఫ్టీ మ్యాటర్. జైపాల్‌తో నేను మాట్లాడతాను," అన్నారు.

మాట్లాడారు కూడా. ఫస్ట్ షోలో సనాను మళ్ళీ నడవకే పరిమితం చేశారు. రేపటి నుంచి వరసలన్నీ తిరగక్కర్లేదని జైపాల్ వచ్చి చెప్పాడు. "బాల్కనీల ఎఫ్ వరస మూలకు ఒక సీటు ఖాళీ ఉంచుతం. చీకట్ల పొయ్యి ఆడ కూసోవాలె. పక్కకు శ్రీధర్ సార్ వాళ్ళ ఫ్యామిలీ ఉంటది. మిసెస్, పాప. సార్‌కు నీ మీద మస్తు గౌరవం త్రివేణీ, నాకే క్లాస్ పీకిండు."

త్రివేణి ఊపిరి పీల్చుకుంది. సనాకు చెప్పింది. "సార్ పక్కకు కూసో బిడ్డా. ఫ్యామిలీ ఉంటది. ఎవని చెయ్యి రాదు." సనా ఆమె మొహంలోకి కాసేపు చూసి, "నువ్వు చెప్పినవ్ గాబట్టి," అంది. అయినా ఇద్దరూ ఒక గుర్తు పెట్టుకున్నారు. ఏదన్నా అయితే సనా కొవ్వొత్తి ఆర్పెయ్యాలి. ఆరితే త్రివేణి రావాలి.

ఆదివారం మ్యాట్నీకి ఇసుక వేస్తే రాలనంత జనం. బీరంగూడ నుంచి, భానూరు నుంచి కుటుంబాలతో సహా దిగారు. బాల్కనీలో ఒకే కంపెనీ వాళ్ళు టికెట్లు ఒక్కసారే కొనుక్కుని నాలుగు వరసలు ఆక్రమించారు. శ్రీధర్ సార్ భార్యాబిడ్డలతో వచ్చారు. ఆమె బక్కగా, అలసిపోయినట్టుంది. పాప చేతిలో నారింజరంగు పాప్‌కార్న్ పొట్లం. త్రివేణి వాళ్ళకు ఎఫ్ వరస చూపించింది. లైటు కాళ్ళ దగ్గరే పెట్టింది. భార్య లోపలి సీట్లో, పాప మధ్యలో, సార్ ఖాళీ సీటు పక్కన కూర్చున్నారు. "పాపకు భయమేస్తదేమో సార్," అంది త్రివేణి. "నిద్రపోతుందిలే. నువ్వు నిశ్చింతగా ఉండు," అన్నారాయన.

ఆమె నిశ్చింతగానే ఉంది. అందుకే ఆ రోజు సినిమా కొంచెం చూసింది. మఠంలో ఒక పెద్ద మదర్ ఉంటుంది. చిన్న సిస్టర్ తన గదిలో ఏం జరుగుతోందో ఏడుస్తూ చెబుతుంది. మదర్ అన్నీ వింటుంది, తల దించుకుంటుంది, జపమాల పూసలు ఒక్కొక్కటే తిప్పుతుంది. "ప్రార్థించు బిడ్డా," అంటుంది. నేలమాళిగలో ఉన్నదాని కంటే ఈ ముసలిదే త్రివేణికి ఎక్కువ రోత పుట్టించింది. చేతిలోని టార్చి మీట అటూ ఇటూ తిప్పుతూ నిలబడింది.

గంట మోగింది. తెర నల్లబడింది. తలుపుల మీది దీపాలు ఆరాయి.

కొవ్వొత్తి వెలుగు నడవలోంచి దిగింది, ఎఫ్ వరస దగ్గర మలుపు తిరిగింది, మూల సీట్లో కూర్చుంది. చుట్టూ కేకలు లేచాయి, నవ్వులు లేచాయి. త్రివేణి మెట్టు మీద నిలబడి ఆ చిన్న పసుపు చుక్కనే చూసింది. అది నిలకడగా ఉంది. నిలకడగానే ఉంది.

ఆరిపోయింది.

ఎప్పుడు కదిలిందో ఆమెకే తెలియదు. జనం మోకాళ్ళు రాసుకుంటుండగా ఎఫ్ వరస మొదటికి చేరి టార్చి వేసింది. చెయ్యి అలవాటు కొద్దీ కిందికే వెళ్ళింది. కాళ్ళు కనపడ్డాయి. పాపవి, వేలాడుతున్న చిన్న బూట్లు. సనావి, చెప్పుల్లేని పాదాలు, రెండూ మునివేళ్ళ మీద లేచి వణుకుతున్నాయి. గౌను అంచు నేల మీద పరుచుకుని ఉంది. ఆ అంచు మీద, ఆ పిల్ల లేవకుండా మేకు కొట్టినట్టు, మెరుస్తున్న నల్ల బూటు.

త్రివేణి ఆ బూటును ఎరుగును. ఎన్నో పొద్దులు లైన్ ముందు అటూ ఇటూ నడిచిన బూటు.

లైటు పైకెత్తింది.

ఎడమ చేతి మీద నిద్రపోతున్న కూతురు తల. కుడిచెయ్యి పక్క సీట్లోకి, ముసుగు కిందికి పోయి ఉంది. వెలుగు తగలగానే ఆయన దాన్ని వెనక్కి లాక్కోబోయాడు. రాలేదు. గడియారం పట్టీ ముసుగు జాలీలో చిక్కుకుంది. సనా ఆ జాలీని రెండు పిడికిళ్ళతో దగ్గరకు గుంజి, మెలితిప్పి, పళ్ళు బిగించి పట్టుకుని ఉంది.

ఆయన మొహం మీద వెలుగు నిలబడింది. ఆ మొహం ముందు కోపంగా చూసింది, తర్వాత గుర్తుపట్టింది, తర్వాత నవ్వింది. "మెల్లగా త్రివేణీ," అన్నాడు. "లైటు దించు. పాప నిద్రపోతోంది."

త్రివేణి బూతులు తిట్టాలనుకుంది. నోరు తెరిచింది. బయటికొచ్చింది మాత్రం ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే వాడిన మాట, షెడ్డు చివరిదాకా వినపడే ఆ పాత గొంతు.

"చేతులెక్కడున్నయ్?"

"కండ్ల ముందు!"

బాల్కనీ మొత్తం చేతులెత్తింది. కంపెనీవాళ్ళ నాలుగు వరసలు ఎత్తాయి, వాళ్ళ వెనకవాళ్ళు ఎత్తారు, కింద ఫస్ట్ క్లాసులో ఒడిశా కుర్రాళ్ళు తమకొచ్చిన ఒకే ఒక్క తెలుగు ముక్క ప్రాణం పెట్టి అరుస్తూ ఎత్తారు. వెంటనే నవ్వుల హోరు. సినిమాలో భాగమే అనుకున్నారు కొందరు. ఆపరేటర్ ఏమర్థం చేసుకున్నాడో హాలు లైట్లు వేసేశాడు. తెర మీదికి తిరిగొచ్చిన మదర్ వెలిసిపోయిన పూసలు తిప్పుతూనే ఉంది.

ఎఫ్ వరసకు దగ్గరగా ఉన్నవాళ్ళు ముందు చూశారు. వాళ్ళ నవ్వు ఆగింది. చూపు ఎటుపోయిందో వెనకవాళ్ళు చూశారు. వరస తర్వాత వరసగా హాలు చల్లబడింది. అన్ని చేతుల మధ్య ఎత్తకుండా ఉన్న చేతులు ఒక్క మనిషివే. అందరి చేతుల్నీ ఎత్తించిన మనిషివి.

"చిక్కుకుంది," అన్నాడాయన ఎవరితోనో. "ఆ అమ్మాయే మీద పడింది, చీకట్లో..."

ఆయన భార్య అప్పటిదాకా ముందు సీటు కేసి చూస్తోంది. ఇప్పుడు తిరిగి భర్త చెయ్యి చూసింది. ఆశ్చర్యపోలేదు. అదే త్రివేణి గుండెను కోసింది. ఆవిడ వంగి, ఆయన చేతి మీంచి పాప తలను మెల్లగా ఎత్తి, తన భుజాన వేసుకుని, ఆ వరస అవతలి వైపు నుంచి వెళ్ళిపోయింది.

సనా పిడికిళ్ళు వదిలింది. తల మీదికి చేతులు పోనిచ్చి త్రివేణి గుచ్చిన పిన్నీసులు ఒక్కొక్కటే తీసింది. తొందరపడలేదు. ఆఖరిది తీయగానే నల్లముసుగు జారి ఆయన మణికట్టుకు వేలాడింది. "బూటు తియ్యి," అంది. ఆయన కాలు తీశాడు. సనా లేచి నిలబడింది. చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుపోయి, అందరికీ మొహం కనపడేలా నిలబడింది. శ్రీధర్ సార్ ఒళ్ళో కన్యాస్త్రీ ముసుగు పెట్టుకుని, దాన్ని గడియారం నుంచి విడదీయలేక పీక్కుంటున్నాడు.

"పనికి అను త్రివేణీ!" వెనక తలుపు దగ్గర నుంచి జైపాల్ అరుస్తున్నాడు. "చేతులు దించుమను! ఆట ఖరాబైతున్నది! పనికి అను!"

దించదలిస్తే ఎప్పుడో దించి ఉండవచ్చు. ఎవరూ దించలేదు. నా చేతులు కావు, చూసుకోండి అన్నట్టు ఇంకా పైకెత్తి పట్టుకున్నారు. త్రివేణి ఆ చేతులను చూసింది. మందుల పొడికి తెల్లబడ్డ గోళ్ళు, ప్రెస్‌కింద నలిగి పొట్టి అయిన వేళ్ళు, మెహందీ పెట్టుకున్న అరచేతులు. నారింజరంగు అంటిన మునివేళ్ళు కూడా, అక్కడొకటి ఇక్కడొకటి, మిగతావాటంత అమాయకంగా గాల్లో నిలబడి ఉన్నాయి. నిన్నటి ముద్రలు వేసిన చేతులు వాటిలోనే ఎక్కడో ఉన్నాయి. అవి కూడా ఎంత బుద్ధిగా లేచాయో చూసి ఆమెకు మళ్ళీ ఉమ్మేయాలనిపించింది.

టార్చి కిందికి దించి సనా పాదాల ముందు వేసింది. హాలు లైట్లు వెలుగుతున్నా వేసింది. ఆ వెలుగు ముందు నడుస్తుంటే దాని వెనక సనా, పక్కన త్రివేణి, రెండు వైపులా ఎత్తిన చేతుల మధ్య నుంచి మెట్లెక్కారు. తలుపు దగ్గర జైపాల్ అడ్డం నిలబడ్డాడు.

"పో, ఇద్దరు పోర్రి! రేపటినుంచి కనవడద్దు! పొయ్యేముందు ఆ మాట అని పో!"

"జరుగు," అంది త్రివేణి.

ఏమనుకున్నాడో, జరిగాడు. తలుపు తోయగానే ఎండ మొహం మీద కొట్టింది. సనా చెప్పులు లోపలే ఉండిపోయాయి. త్రివేణి తన చెప్పులు విడిచి ఆ పిల్ల ముందు పెట్టింది.

"ఇంటికి పోయి అమ్మీకి నేనే చెప్త," అంది సనా చెప్పుల్లో కాళ్ళు పెడుతూ. "నువ్వు పక్కకుండాలె ఖాలా."

"ఉంట."

వెనక తలుపు మూతపడలేదు. లోపల జైపాల్ తానే "పనికి! పనికి!" అని అరుస్తున్నాడు. ఆ గొంతుకు ఎవరూ అలవాటు పడి లేరు. త్రివేణి ఆ మాట అనలేదు.